టైల్స్ వద్దు... పూలు పూయిద్దాం!

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు పెద్దలు. అది అలా వెళ్లిందో లేదో హైదరాబాద్ మీద ఎండ ఇలా వచ్చి కూర్చుంటుంది. మళ్లీ మృగశిర కార్తె వస్తేగానీ కదలదు. ఈ నాలుగు నెలలూ ఇంటి ముందు మట్టి ఉన్నవాళ్లందరికీ ఒకటే బెంగ... మొక్కలు బతుకుతాయా, ఎండిపోతాయా? అసలు బెంగ పడాల్సింది దాని గురించి కాదు. ఈ ఎండల్లోనే విరగబూసే పూలు బోలెడున్నాయి. వాటికి చోటివ్వాల్సిన మడి మాత్రం పిచ్చిపొదలతో నిండిపోయి ఉంటుంది. ఈ వారం ఆ మడి సంగతి చూద్దాం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో ఎప్పుడైనా కిటికీలోంచి కిందికి చూశారా? 2018 సెప్టెంబరులో ఈ దారిలో రైలు మొదలైనప్పటి నుంచి మన కాలనీలను పైనుంచి చూసే వీలు కలిగింది. అపార్టుమెంట్ల మధ్యలో అక్కడక్కడా పాత ఇళ్లు. పీ అండ్ టీ కాలనీ, టెలిఫోన్ కాలనీ, ఎన్జీవోస్ కాలనీ... పేర్లే చెబుతాయి ఇవి ఉద్యోగులు కట్టుకున్న కాలనీలని. పీఎఫ్ డబ్బులో, బ్యాంకు లోనో పెట్టి రెండొందల గజాల్లో ఇల్లు లేపి, గేటుకు ప్రహరీగోడకు మధ్య రెండడుగుల వెడల్పున మట్టి వదిలారు. అందులో మందార, మల్లె, నందివర్ధనం, కరివేపాకు నాటారు. ఇది ఎప్పటి మాట? ఎల్బీనగర్, గడ్డిఅన్నారం ఇంకా వేరే మున్సిపాలిటీలుగా ఉన్నప్పటి మాట. 2007లో అవి గ్రేటర్‌లో కలిశాయి. ఇళ్లు మూడంతస్తులయ్యాయి. మడి మాత్రం అలాగే ఉండిపోయింది. కాదు కాదు, అడవైపోయింది!

అమ్మ ఒకటంటే, కొడుకు ఇంకోటి

ఆ అడవి చుట్టూ ఇంట్లో జరిగే వాదన మీకు తెలియంది కాదు.

'అమ్మా, అదంతా పీకించేసి టైల్స్ వేయించేద్దాం. బండి పెట్టుకోడానికి చోటొస్తుంది. దోమలూ పోతాయి.'

'నాన్నగారు నాటిన మందార్రా అది. రోజూ దేవుడికి నాలుగు పూలు దానివే కదా!'

'అది పూసి ఎన్నాళ్లైందమ్మా? అంతా ఆకులే. మొన్న తేలు కూడా కనిపించింది.'

ఇద్దరి మాటా నిజమే. తేలు వచ్చిందన్నదీ నిజం, నాన్న నాటారన్నదీ నిజం. అందుకే ఈ వాదన తేలదు. ఏడాదికేడాది వాయిదా పడుతుంది. చివరికి పెళ్లికో, ఇంటి రంగులకో మేస్త్రీ వచ్చిన రోజున ఎవరినీ అడగకుండానే సిమెంటు పడిపోతుంది.

అది పడక ముందు ఒక చిన్న లెక్క చూడండి. 20 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న మడి అంటే 40 చదరపు అడుగులు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఈ చిన్న మడి మీద పడే వాన దాదాపు 3 వేల లీటర్లు. టైల్స్ వేస్తే ఆ నీరంతా గేటు దాటి రోడ్డు మీదకు పోతుంది. మట్టి ఉంటే చాలావరకు లోపలికి ఇంకుతుంది. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చిన రోజులు ఎవరూ మరచిపోలేదు. ఒక్క మడితో వరద ఆగిపోదు. కానీ వీధిలో అందరూ సిమెంటు వేసుకుంటూ పోతే నీరు ఎటు పోవాలి? వేసవిలో బోరు ఎండిపోయిందని తిట్టుకునే ముందు మన గేటు లోపల మట్టి ఎంత మిగిలిందో చూసుకోవాలి కదా.

కాబట్టి అమ్మ మాటా దక్కేలా, అబ్బాయి భయమూ తీరేలా మధ్యేమార్గం ఒకటుంది. పీకేయడం కాదు, బాగుచేయడం. దానికి కావలసింది నాలుగు ఆదివారాలు, కాస్త ఓపిక.

మొదటి ఆదివారం... ముందు చూడండి

పార పట్టుకునే ముందు ఒక కాగితం, పెన్ను పట్టుకోండి. మడి పొడవునా నడుస్తూ ఏ మొక్క ఎక్కడుందో రాయండి. ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతోందో ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు చూసి గుర్తుపెట్టండి. పాతికేళ్ల క్రితం రోజంతా ఎండ పడిన చోట ఇప్పుడు పక్క అపార్టుమెంటు నీడ పడుతుండవచ్చు. మందార పూయకపోవడానికి అదే కారణం కావచ్చు. మొక్క ముసలిదైపోయిందని మనం అనుకుంటాం. నిజానికి దానికి ఎండ చాలక పూత తగ్గి ఉంటుంది.

తర్వాత మొక్కల్ని మూడు రకాలుగా విడగొట్టండి.

ఉంచాల్సినవి: మందార, మల్లె, నందివర్ధనం, నూరువరహాలు, కాగితపు పూల తీగ, గన్నేరు, రాధామనోహరం. ఇవి ఎంత పెరిగి అడవైనా కత్తిరిస్తే దారికొస్తాయి. వీటి వేర్లు లోతుగా పోయి ఉంటాయి కాబట్టి ఎండకు తట్టుకుంటాయి. కొత్త మొక్క కొని ఈ స్థితికి తేవాలంటే ఏళ్లు పడుతుంది.

తీసేయాల్సినవి: వయ్యారిభామ, తుంగ, గరిక, ఉత్తరేణి, తలంబ్రాల మొక్క. గోడ పగుళ్లలో మొలిచిన రావి, మర్రి కూడా ఈ జాబితాలోవే. రావిని తీయడానికి మనసొప్పదు చాలామందికి. చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తీసి, గుడి దగ్గరో చెరువు గట్టునో చోటు అడిగి నాటించండి. ఆలస్యం చేస్తే గోడే పోతుంది.

ఆలోచించాల్సినవి: గోడవారగా వరసగా పెట్టిన కోనోకార్పస్‌ లాంటివి. తొందరగా పెరిగి పచ్చని గోడలా ఉంటుందని ఎగబడి నాటాం. దాని వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీలోకి చొచ్చుకుపోతాయన్న ఫిర్యాదులున్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీని పెంపకాన్ని ఆపేయమంది. మీ గోడవారగా ఇది ఉంటే దాని జాగాలో ఏదైనా పూలమొక్క పెట్టే సంగతి ఆలోచించండి.

ఒక మాట. మడిలో ఉన్నది పొద కాక చెట్టయితే గొడ్డలి ఎత్తకండి. సొంత స్థలంలోని చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. 2002 నాటి వాల్టా చట్టం చెప్పే మాట ఇది. అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి.

రెండో ఆదివారం... జాగ్రత్తగా చెయ్యి పెట్టండి

పొదలోకి వట్టి చేతులతో వెళ్లొద్దు. మందపాటి గ్లౌజులు, బూట్లు వేసుకోండి. ముందు పొడవాటి కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి, కాసేపు ఆగండి. తేళ్లు, పాములు ఉంటే అలికిడికి కదులుతాయి. పాము కనిపిస్తే కొట్టకండి. దూరంగా ఉండి అది ఎటు పోతోందో చూస్తూ, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థల వాళ్లకు కబురు చేయండి. వాళ్లొచ్చి పట్టుకెళ్తారు. పాత మడుల్లో గాజు పెంకులు, మేకులు, విరిగిన ట్యూబులైట్లు కూడా తగులుతుంటాయి. పిల్లల్ని ఈ రోజుకు దూరంగా ఉంచండి.

వయ్యారిభామతో ఇంకా జాగ్రత్త. 1950ల్లో పుణె ప్రాంతంలో కనిపించిన ఈ కలుపు దేశమంతా పాకింది. ఒంటికి తగిలితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. పూత రాక ముందే వేళ్లతో సహా పీకాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పనికి దిగకపోవడమే మంచిది.

గన్నేరు గురించీ చెప్పాలి. ఆకు, కొమ్మ, పాలు... అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కొమ్మల్ని మంటలో వేయకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. చిన్నపిల్లలు, మేకలు, ఆవులు తిరిగే చోట ఆ కొమ్మల్ని పారేయకండి.

ఇక కత్తెర. పదునైన కత్తెర కావాలి. మొద్దుబారిన కత్తితో కొడితే కొమ్మ చీలి తెగులు పడుతుంది. ముందు ఎండిన కొమ్మలు, తర్వాత ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఆ తర్వాత లోపలికి పెరిగినవి తీయండి. మొక్క మధ్యలోకి గాలి, వెలుతురు పోవాలి.

మందారను మూడో వంతు ఎత్తు తగ్గించండి. పూలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి. ఇప్పుడు కత్తిరిస్తే రెండు నెలల్లో మొగ్గలు తొడుగుతుంది. బాగా ముదిరిన మందారనైతే ఒకేసారి నరికేయకుండా ఈ ఏడు సగం కొమ్మలు, వచ్చే ఏడు సగం తీయండి. తట్టుకుంటుంది.

మల్లెకు అసలు కత్తిరింపు కాలం చలిరోజులే. ఇప్పుడు మొగ్గ కట్టడం మొదలైతే ముట్టుకోవద్దు. ఎండిన తీగల్ని మాత్రం తీసి, మొదట్లో మట్టి గుల్ల చేసి ఎరువు వేయండి. ఈ వేసవి పూలు మీవే. మిగతా పని డిసెంబరుకు రాసిపెట్టుకోండి.

కాగితపు పూల తీగ ఎండకు పుట్టిన బిడ్డ. నీళ్లు ఎక్కువైతే ఆకులేస్తుంది, నీళ్లు తగ్గిస్తే పూలేస్తుంది. ఇప్పుడు దారికి అడ్డొచ్చే కొమ్మల కొసలు మాత్రం తుంచండి. పూత అయిపోయాక గట్టిగా కత్తిరించవచ్చు. నూరువరహాల్ని ఎండాకాలంలో గట్టిగా కత్తిరిస్తే కోలుకోలేదు. పైపైన సమం చేసి వదిలేయండి.

మూడో ఆదివారం... మట్టి పని

ఇప్పుడు అసలు కష్టం. తుంగను పైన కోస్తే నాలుగు రోజుల్లో మళ్లీ లేస్తుంది. దాని ప్రాణం మట్టిలోని గడ్డల్లో ఉంటుంది. గడ్డపారతో లోతుగా లేపి, ఆ గడ్డల్ని ఒక్కొక్కటిగా ఏరాలి. గరిక కూడా అంతే, వేరు ముక్క మిగిలినా చాలు మళ్లీ అల్లుకుంటుంది. ఒక్కసారితో పోవు. వారానికోసారి పది నిమిషాలు కూర్చుని కొత్తగా వచ్చినవి లాగేస్తుంటే నెలా రెండు నెలలకు అదుపులోకొస్తాయి. మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఇంట్లో నలుగురూ చెరో మూల పట్టుకుంటే కబుర్లలో పనైపోతుంది.

కలుపు మరీ ఎక్కువగా ఉన్న మడికి ఇంకో ఉపాయం. మట్టిని తవ్వి, బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ కాగితం కప్పి, అంచుల్ని మట్టితో మూసేయండి. మన ఏప్రిల్, మే ఎండకు నాలుగైదు వారాల్లో లోపలి మట్టి ఉడికిపోతుంది. కలుపు విత్తనాలు, కొన్ని తెగుళ్లు చచ్చిపోతాయి. లోతుగా ఉన్న తుంగ గడ్డలు మాత్రం కొన్ని మిగులుతాయి. ఇలా చేస్తే ఈ వేసవికి ఆ చోట పూలుండవు. అందుకే సగం మడిని ఇలా ఉడికించి, సగం మడిలో పూలు వేసుకోవడం మేలు.

మన కాలనీల మడుల్లో మట్టి అసలు మట్టే కాదు చాలాచోట్ల. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు పెళ్లలు పారబోసి పైన రెండు తట్టల ఎర్రమట్టి చల్లిందే మడి. నూరువరహాల ఆకులు పచ్చబడి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలితే మట్టిలో సున్నం ఎక్కువై మొక్క ఇనుము తీసుకోలేకపోతోందని అర్థం. అడుగు లోతు తవ్వి పెళ్లలన్నీ తీసేయండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు ఇసుక కలిపి నింపండి. చదరపు గజానికి రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపితే చెదలు, వేరుపురుగుల బెడద తగ్గుతుంది. పచ్చిపేడ మాత్రం వేయొద్దు. చెదల్ని పిలిచి కూర్చోబెట్టినట్టే.

ఇక్కడో జాగ్రత్త. కొత్త మట్టిని ఇంటి గోడకు ఆనించి ఎత్తుగా పోయకండి. గోడకు చెమ్మ ఎక్కుతుంది. అర అడుగు ఖాళీ వదలండి. మడి మట్టం గచ్చు కంటే రెండంగుళాలు కిందికే ఉండాలి. అప్పుడు గచ్చు మీది వాన నీరు మడిలోకి దిగుతుంది, మడిలోని మట్టి గచ్చు మీదకు రాదు.

నాలుగో ఆదివారం... రంగుల ఎంపిక

నర్సరీకి వెళ్తే కళ్లు చెదురుతాయి. కడియం వైపు నుంచి లారీల్లో వచ్చిన మొక్కలు, కుండీల నిండా పూలు. ఫిబ్రవరి చివర్లో అక్కడ మనల్ని పిలిచేది పెటూనియా, చేమంతి, డాలియా. చూడగానే కొనాలనిపిస్తుంది. ఆగండి! ఇవి చలికాలపు పూలు. ఏప్రిల్ రాగానే వాడిపోతాయి. 'మా చేతికి మొక్కలు రావండీ' అని నిట్టూర్చే చాలామంది అసలు చేసిన పొరపాటు ఇదే. చేతి తప్పు కాదు, కాలం తప్పు.

మరి ఎండకు పూసేవేమిటి? పడమటి ఎండ నేరుగా పడే మడికైతే బిళ్లగన్నేరు, బొగడబంతి, జీనియా, పసుపు, నారింజ రంగుల కాస్మోస్, గైలార్డియా. అంచున నేలకు పరచుకునేలా నాచుపూలు. ఆకులు దళసరిగా ఉండి నీళ్లు దాచుకుంటాయి కాబట్టి నాచుపూలు ఎండకు జంకవు. పక్కింటి నుంచి నాలుగు కొమ్మలు తెచ్చి గుచ్చితే మూడు నాలుగు వారాల్లో పూస్తాయి. జీనియా గింజలు వారంలోపే మొలిచి, సుమారు రెండు నెలలకు పూతకొస్తాయి. శివరాత్రి వెనకాల చల్లితే శ్రీరామనవమి దాటాక రంగులు మొదలవుతాయి. బిళ్లగన్నేరు గింజల నుంచి ఆలస్యం, నారుమొక్కలు తెచ్చుకోండి. దానికి నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది.

ఉదయం ఎండ పడి మధ్యాహ్నానికి నీడ వచ్చే మడికి కనకాంబరాలు, మందార, నూరువరహాలు. ఢిల్లీ కనకాంబరం పూలు పెద్దవి, నారింజ రంగు మెరుపు. దానికి గింజ కట్టదు, కొమ్మ నాటుకోవాలి.

రెండు అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుని అసలు ఎండే పడని చోట పూల కోసం పట్టుబట్టకండి. ఆకుల్లోనే రంగులు వెతుక్కోండి. కోలియస్, క్రోటన్లు, వేసవిలో గడ్డల నుంచి లేచే కలేడియం... ఎరుపు, గులాబీ, తెలుపు అన్నీ ఆకుల్లోనే దొరుకుతాయి.

అమరికకు పెద్ద సూత్రాలేం అక్కర్లేదు. వెనక గోడవైపు పొడుగువి, మధ్యలో మోకాలెత్తువి, అంచున పొట్టివి. ఒక్కో రకం ఒక్కో మొక్క కాకుండా ఒకే రంగువి ఐదారు కలిపి గుంపుగా పెట్టండి. రోడ్డు మీది నుంచి చూసినప్పుడు కంటికి ఆనేది గుంపే.

ఇంకో విషయం. మీ ఇంట్లో అందరూ ఉదయం 8కే బయల్దేరి చీకటి పడే వేళకు వస్తారా? అయితే పగటి పూలు పూసి ఎవరికి? నాచుపూలు ఎండలోనే విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటాయి. మీకు కావలసింది చంద్రకాంత. సాయంత్రం నాలుగైందంటే విచ్చుకుంటుంది. గేటు మీదకు రాధామనోహరం పాకించండి. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగు, ఆపైన ఎరుపు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు. పక్కనే మల్లె. రోజంతా ట్రాఫిక్‌లో అలసి గేటు తీసిన మనిషికి ఇంతకంటే పలకరింపు ఏముంటుంది?

నీళ్ల మాటేమిటి?

వేసవి అనగానే మొదట వచ్చే ప్రశ్న ఇదే. నగరంలో మే నెల పగటి ఎండ సగటున 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. 1966 జూన్ 2న 45.5 డిగ్రీల దాకా వెళ్లిన ఊరిది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో పూలకు నీళ్లెక్కడివి అనడం న్యాయమే.

మళ్లీ లెక్కే వేద్దాం. మన 40 చదరపు అడుగుల మడికి రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున తడి ఇవ్వాలంటే 18 లీటర్లు. అంటే ఒక్క బకెట్టు! స్కూటరు కడగడానికి అంతకంటే ఎక్కువే పోస్తాం. మట్టి మీద రెండు మూడంగుళాల మందాన ఎండుగడ్డో, ఎండుటాకులో, కొబ్బరిపీచో పరిస్తే ఆ బకెట్టు రోజు విడిచి రోజు పోసినా సరిపోతుంది. ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గర మామిడి కాలంలో గంపల్లోంచి తీసేసిన గడ్డి కుప్పలుగా పడి ఉండేది. 2021-22లో మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది. ఇప్పుడు వీధి పండ్ల బండి అతన్ని అడిగితే ఒక సంచి గడ్డి ఇస్తాడు. లేదంటే ఊడ్చి తగలబెట్టే మీ ఎండుటాకులే చాలు. గడ్డి మొక్క కాండానికి తగలకుండా రెండంగుళాలు వదలండి.

నీరు పొద్దున్నే పోయండి, లేదా ఎండ వాలాక. మిట్టమధ్యాహ్నం వద్దు. రోజూ పైపైన చిలకరించడం కంటే రోజు విడిచి రోజు లోతుగా తడపడం మేలు. వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి పోతుంది, ఎండకు తట్టుకుంటుంది.

వాటర్ ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్లు పోయొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. బోరు నీళ్లతో నడిచే ఫిల్టరైతే ఆ వృథా నీటిలో ఉప్పు మరీ ఎక్కువ. రోజూ అదే పోస్తే మట్టి పాడవుతుంది. సగానికి సగం మంచినీళ్లు కలిపి, వారానికి రెండుసార్లకు మించకుండా, కాగితపు పూలు, గన్నేరు లాంటి మొండి మొక్కలకు వాడండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లయితే నిక్షేపంగా పోయొచ్చు. సబ్బు నీళ్లు మాత్రం వద్దు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ పదిహేను రోజులు లేత మొక్కల మీద పాత చీరో, పచ్చని షేడ్‌నెట్టో మధ్యాహ్నం వేళ కప్పండి. ఆ రోజుల్లో కత్తిరింపులు, ఎరువులు, కొత్త నాట్లు ఏవీ పెట్టుకోవద్దు. బతికించుకోవడమే పని.

పురుగులొస్తే...

ఎండలతో పాటు మందారకు పిండినల్లి వస్తుంది. కొమ్మల కొసల్లో తెల్లటి దూది అంటినట్టు కనిపిస్తే అదే. మొదట్లో అయితే ఆ కొసను తుంచి సంచిలో కట్టి పారేయండి. ఎక్కువైతే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయండి. వారం ఆగి మళ్లీ చేయాలి. మొక్క మీద చీమలు బారులు తీరితే అక్కడెక్కడో పిండినల్లి ఉన్నట్టే. ఆకుల వెనక సన్నని గూడు అల్లి, ఆకు దుమ్ము రంగుకు తిరిగితే ఎర్రనల్లి. దానికి పొడి గాలంటే ఇష్టం. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది.

దోమల భయమూ ఉంది. దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీటిలో. కుండీ కింది పళ్లేలు, మూలన పడేసిన కొబ్బరి చిప్పలు, పాత టైర్లు తీసేయండి. గాలి ఆడేలా కత్తిరించిన మొక్కల మధ్య దోమలు తలదాచుకునే చోటు కూడా తగ్గుతుంది.

అపార్టుమెంటులో ఉన్నామంటారా?

గోడకు భవనానికి మధ్య ఉండే సందులో మట్టి ఉంటుంది చూడండి. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సంఘం సమావేశంలో ఒక మాట అడిగి నాలుగు కుటుంబాలు కలిసి తలా పదడుగులు పంచుకోండి. పిల్లలకు సెలవులొస్తున్నాయి. జీనియా గింజలు వాళ్ల చేత చల్లించండి. మొలక వారంలోపే కనిపిస్తుంది కాబట్టి విసుగు పుట్టదు. మీటర్ బోర్డులు, మంటలార్పే పరికరాలు, డ్రైనేజీ మూతల దారికి మాత్రం అడ్డు రాకూడదు.

మన ప్రాంతానికి పూలతోటలు కొత్తేం కాదు. మూసారాంబాగ్ పేరులోనే తోట ఉంది. నిజాం కొలువులో పనిచేసి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను జనం పిలుచుకున్న పేరే మూసారాం. ఆ తోట ఇప్పుడు లేదు, పేరు మిగిలింది. కాలనీల పేర్ల మీద 'పురి', 'నగర్' ఉండిపోయినట్టే రేపు మన ఇంటి మడి కూడా 'ఇక్కడ మందార ఉండేది' అనే మాటగా మిగలకూడదు.

ఇక అబ్బాయి అడిగిన బండి చోటు సంగతి. మడి బాగుచేశాక చూస్తే, ఇన్నాళ్లూ మూడడుగులు బయటికి పొడుచుకొచ్చిన కొమ్మలు పోయి గచ్చు మీద చోటు దానంతటదే మిగులుతుంది. స్కూటరు హాయిగా నిలుస్తుంది. అమ్మ మందారా నిలుస్తుంది.

కత్తిరించిన మందార కొమ్మల్ని పారేయకండి. పెన్సిలంత లావువి నాలుగు ఏరి, జానెడు పొడవున కోసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి. ఎండాకాలం కాబట్టి అన్నీ బతకవు. ఒకటి రెండు చిగురేసినా చాలు. మృగశిర చినుకులు పడగానే ఒకటి మీ మడిలో, ఒకటి ఇల్లు మారిన చెల్లెలింట్లో. నాన్న నాటిన మొక్క అలా రెండిళ్లలో పూస్తుంది.